మా ఇంటి చీపురు దెబ్బలకు ఆమెన్

మా తెలుగు ప్రార్థన గ్రూపులో క్రిస్మస్ ధ్యానాలు రోజూ నేనే చదివి వాయిస్ మెసేజ్ పెడతాను. ఈ రోజు సువిశేషం హేరోదు రాజు బేత్లెహేములో పసిబిడ్డలను చంపించిన ఘట్టం. సింగపూర్‌లో, బెడోక్‌లోని మా ఫ్లాట్‌లో, క్రిస్మస్ పాక ముందు కూర్చుని, గొంతు తగ్గించి రికార్డు చేస్తూ, ఆ తల్లుల ఏడుపు దాకా వచ్చాను. పాకలోని గడ్డిలోంచి బొటనవేలంత బొద్దింక ఎగిరొచ్చి నా మెడ మీద వాలింది.

"అమ్మో, చచ్చాను!" అని కేక పెట్టాను. మా ఆయన చీపురుతో పరుగెత్తుకొచ్చి, "ఎక్కడికి పోతావే! ఈ రోజు నీ చావు నా చేతిలోనే!" అంటూ దాన్ని గోడలు అదిరేలా బాదారు. ఆ కంగారులో నా వేలు తగిలి మెసేజ్ మొత్తం గ్రూపులోకి వెళ్లిపోయింది.

చూసుకునేసరికి వరసగా ఆమెన్‌లు. ఒక ఆంటీ అయితే "మనసుకు ఎంతో శాంతిగా ఉంది" అని రాశారు.

ఇంతలో ఫోన్. మా గ్రూపులోనే ఉన్న, షిప్‌యార్డులో పనిచేసే ప్రసాదు.

"అక్కా, బావగారు కొడతన్నారా? గదిలోకెళ్లి తలుపేసుకోండి. ట్రైనెక్కేశా, వచ్చేస్తన్నా."

"బొద్దింక నాయనా!"

"హమ్మయ్య! అయితే మిగతాది పెట్టండక్కా. తల్లుల ఏడుపు కాడ ఆపేశారు."

బొద్దింక చచ్చింది. ఆమెన్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. బేత్లెహేములో కేకలు విన్న ఇరుగుపొరుగు కూడా ఇలాగే ఆమెన్ అనేసి పడుకున్నారేమో. మీ గ్రూపులోనైతే ఎవరు ట్రైనెక్కేవారు? చెప్పండి. ఆమెన్ అని మాత్రం రాయకండి, చీపురు ఇప్పుడు నా చేతిలో ఉంది.