కొసరు రోజు

శివరాత్రి దాటాక కాసే ఎండను నమ్మడమూ, పెళ్లింట్లో “ఇగో, అన్నం దించుతున్న” అనే వంటవాడి మాట నమ్మడమూ ఒకటే అనేవాడు సేమ్యాల అబ్దుల్ మజీద్. అనుభవం మీద చెప్పిన మాటే. ముప్పై ఏళ్లు గద్వాలలో చేత్తో తిప్పే ఇనుప మిషను మీద సేమ్యా ఒత్తి, వెదురు కర్రల మీద ఆరేసి బతికినవాడు. కాకపోతే ఆ ముప్పై ఏళ్లూ ఆకాశం వైపు తలెత్తి చూసింది ఆయన కాదు, ఆయన భార్య షాహెదా. ఆయన పని చక్రం తిప్పడం. ఇంకో పని కూడా ఉండేది. తూకం అయిపోయాక ప్రతి పొట్లంలోనూ ఓ గుప్పెడు కొసరు వేసేవాడు. “ఈయన కొసరుతోనే ఇల్లు గుల్లయితది” అని షాహెదా సణిగేది. సణిగినప్పుడల్లా ఇంకో గుప్పెడు వేసేవాడు, అదో సరదా.

సేమ్యాకు ఎండ ఉంటే చాలని అందరూ అనుకుంటారు. వాళ్లకేం, తినేవాళ్లు. ఎండ ఎక్కువైతే పోగులు పుటుక్కున విరిగి రవ్వయిపోతాయి. మబ్బు పడితే పులుస్తాయి. తడి తగిలిందా, అది ఇక సేమ్యా కాదు, పిండి ముద్ద. సన్నటి ఎండ, నెమ్మదైన గాలి, రెండు రోజులు వరసగా ఉండాలి. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర ఉన్న ఈ ఊళ్లో ఈ కాలంలో ఆ ఎండా, ఆ గాలీ కలిసి రెండు గంటలు కూడా నిలవవు. పొద్దున దుప్పటి, మధ్యాహ్నం గొడుగు, సాయంత్రానికి ఏం కావాలో దేవుడికే తెలియాలి. కొత్తల్లుడి అలక ఎందుకు వస్తుందో, ఏం పెడితే పోతుందో తెలుస్తుందా? ఇదీ అంతే.

షాహెదాకు మాత్రం తెలిసేది. ఆమె తండ్రి బీచుపల్లి దిగువన, కృష్ణ ఇసుకలో కర్బూజ తోట వేసేవాడు. ఒక్క వానకు తోటంతా నీళ్లపాలయ్యే బతుకు. “ఇసుక వాసనొస్తే గంట లోపల వాన. మట్టి వాసనొస్తే పావుగంట లోపలనే” అని కూతురికి చిన్నప్పుడే నేర్పాడు. పెళ్లయి గద్వాలకు వచ్చాక ఆ విద్య సేమ్యాకు పనికొచ్చింది. వీళ్లది రేకుల ఇల్లు. ఆరబెట్టేది ఎదురింటి జమ్ములమ్మ స్లాబు మీద. సందు దాటి పదిహేను అడుగులు, ఆ తర్వాత పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లు ఆమె ఎన్ని వేలసార్లు ఎక్కి దిగిందో లెక్కలేదు. “ఎత్తుండ్రి” అని ఆమె అరిస్తే, ఎండ ఫెళ్లున కాస్తున్నా సరే, సందులో వాళ్లంతా తమ మిరపకాయలు కూడా ఎత్తుకునేవాళ్లు.

ఈ ఏడు ఆ గొంతు సందులో వినబడలేదు. దీపావళి పోయిన మూడోనాడు, చీకటి పడే వేళ, మజీద్ మిషను తుడుస్తూ తుడుస్తూ గోడకు ఆనుకున్నాడు. అంతే. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది దినాలు గడప దాటకుండా ఉండే ఇద్దత్‌లో కూర్చుంది షాహెదా. తప్పని అవసరమైతే బయటికి పోవచ్చని మసీదు ఇమాం సాబు కబురు పంపాడు. ఆమె వినలేదు. “ముప్పై ఏండ్లల్ల ఆయన నన్ను ఏదీ అడగలే. గీ దినాలన్న తక్కువ చెయ్యకుండ ఇస్త” అంది. నెలకు ముప్పై చొప్పున నాలుగు నెలలకు నూటిరవై, పైన పది. నూట ముప్పై చింతగింజలు ఒక డబ్బాలో పోసుకుని, రోజూ పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కాగానే ఒకటి తీసి ఇంకో డబ్బాలో వేసేది.

మాట ఇచ్చినంత తేలిగ్గా కాళ్లు ఊరుకోలేదు. చలికాలం ఎలాగో గడిచింది. మాఘం పోతుండగా గాలి మారింది, దాంతో ఆమెకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. వాకిట్లో పరదా పక్కకు జరిపితే కనిపించేది ఎదురు స్లాబు అంచూ, దాని మీద చేటంత ఆకాశమూ. ఆ చేటంతలో ఒక మబ్బు కనిపిస్తే దాని వెనక ఎన్ని ఉన్నాయో తెలియదు. రోజుకు వందసార్లు పరదా జరిపేది. కూతురు ఇక్రా విసుక్కునేది. “అమ్మీ, ఫోన్ల వాన లేదని చూపిస్తుంది. జర కూసో.” ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. విసుగు మాత్రం తెలుగులోనే.

ఇంతలో రంజాన్ వచ్చింది. సేమ్యా పని మొదలుపెట్టాల్సిన నెల. అప్పుడే కొడుకు యాసర్ ఒక మాట అన్నాడు. వనపర్తిలో ట్రాలీ ఆటో నడుపుకుంటూ, వారానికోసారి శనివారం సాయంత్రం వచ్చి పోయేవాడు. చెడ్డవాడు కాదు. తండ్రి లేని మిషనును చూడలేక అన్నాడో, తల్లి ఒక్కతే ఏం చేస్తుందని అన్నాడో.

“అబ్బా పోయిండు. నువ్వు బయటికి రావు. ఇక్రాకు ఇది తెల్వదు. ఎందుకమ్మీ పరేషాన్? మిషన్ ఇనుప కొట్టుకు ఇచ్చి నా తాన ఉండు.”

“ఒక్క వాయి చేసి చూస్త” అంది షాహెదా.

“సరే. గది మంచిగ ఎండి డబ్బాలకొస్తే మిషన్ ఉంటది. లేకుంటే నేను చెప్పినట్టు ఇనాలె.”

ఆమె సరేనంది. అనక ఏం చేస్తుంది, మిషను పోతే ఆమెకు మిగిలేది వనపర్తిలో ఒక గది, వంట, మళ్లీ ఒక పరదా. ఇద్దత్ అయిపోయినా ఇద్దతే.

శుక్రవారం పిండి కలిపి, తానే చక్రం తిప్పి, ఇరవై కర్రలకు సరిపడా ఒత్తింది. ఇక్రా మోసుకెళ్లి స్లాబు మీద ఆరేసింది. శనివారం తెల్లవారేసరికి మంచు. తొమ్మిదికి మంచు విడి ఎండ వచ్చింది. పదకొండుకు నిప్పులు చెరిగింది. “నీడకు జరుపు, ఇరుగుతయి” అని గడపలో నిలబడి అరిచింది. ఇక్రా జరిపింది. పన్నెండుకు మబ్బు. “ఎండకు జరుపు.” మళ్లీ జరిపింది. ఒంటిగంటకు గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆ ఆగడమే షాహెదాకు నచ్చలేదు. ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగింది. డబ్బాలో రెండే గింజలు మిగిలి ఉన్నాయి. వాటిని వేలితో కదిపి, మూత పెట్టి, మళ్లీ తీసి చూసింది.

రెండు గంటలప్పుడు ముక్కుకు ఇసుక వాసన తగిలింది.

“ఇక్రా! ఎత్తు బేటీ, ఎత్తు!”

పలుకు లేదు. తెల్లవారకముందే సెహ్రీ తిండికి లేచిన పిల్ల, ఉపవాసంతో ఇరవై కర్రలూ రెండుసార్లు జరిపిన పిల్ల, నీళ్ల ట్యాంకు నీడలో ఒరిగి నిద్రపోయింది. ఫోను చూస్తే ఇక్కడే, ఇంట్లో, ఛార్జింగులో ఉంది. జమ్ములమ్మ శనివారం కదా, బీచుపల్లి ఆంజనేయుడి దర్శనానికి పోయింది. సందులో పిట్ట కూడా లేదు. షాహెదా మళ్లీ పిలిచింది. గిన్నె మీద గరిటెతో బాదింది. ఎండిన నాలుకతో ఎంత అరిస్తే మాత్రం పద్దెనిమిది మెట్ల పైన నిద్రపోయే పిల్లకు వినబడుతుంది?

అప్పుడు మట్టి వాసన వచ్చింది.

గడప మీద కుడి పాదం పెట్టింది. పదిహేను అడుగులు, పద్దెనిమిది మెట్లు. ఇరవై కర్రలు ఎత్తడానికి ఆమెకు పావుగంట చాలు. దేవుడు తప్పుపట్టడని తెలుసు, ఇమాం సాబు చెప్పనే చెప్పాడు. ఆమెను ఆపింది దేవుడూ కాదు, ఇమామూ కాదు. తక్కువ చెయ్యకుండా ఇస్తానన్న మాట. నూట ఇరవై ఎనిమిది దినాలు నిలుపుకుని, రెండు దినాల కాడ తప్పాలా? తప్పకపోతే ఆయన మిషను పోతుంది. తప్పితే ఆయనకిచ్చిన మాట పోతుంది. పాదం గడప మీదే ఆగింది. దిగలేదు.

వాన టపటపా మొదలై ధబధబా కురిసింది. ఇక్రా కెవ్వున లేచి నాలుగు కర్రలు ట్యాంకు కిందికి లాగింది. మిగిలిన పదహారు పిల్ల కళ్ల ముందే పోగులన్నీ కలిసిపోయి, ముద్దలై, స్లాబు మీదికి జారాయి. పది నిమిషాల్లో వాన వెలిసింది. వెంటనే ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది, సిగ్గులేని ఎండ. షాహెదా గడపలోనే కూలబడి, పరదా నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాలుగు దాటాక జమ్ములమ్మ ప్రసాదం, కొబ్బరి చిప్పలతో వచ్చింది. స్లాబు చూసి, తిన్నగా ఇక్కడికే వచ్చి గడప అవతల చతికిలబడింది.

“చెప్పులు కూడ ఇడవకుండ ఉరికొచ్చిన. నువ్వేంది షాహెదా, పైకి పోకపోతివి?”

“ఇంక రెండు దినాలున్నయి గద అక్కా.”

“రెండా? నీకు లెక్క ఎవరు చెప్పిండ్రు?” జమ్ములమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఆమె ఏకాదశులూ అమావాస్యలూ నోటి మీదే ఉండే మనిషి. “దీపావళి పోయిన మూడోనాడు మజీదన్న పోయిండు. నేను తులసికాడ దీపం పెట్టి తలెత్తితె సన్నగ నెలవంక. గప్పుడే మీ ఇంట్ల ఏడుపు ఇనబడె. నెల పొడిసిన రాత్రి. మీ నెలలు గా చంద్రుని తోటే గద నడిచేది?”

“అవు.”

“మల్ల చంద్రునికి అన్ని నెలలు ముప్పై దినాలుంటయా?”

షాహెదా గింజల డబ్బా దగ్గరికి లాక్కుంది. నెలవంకతో మొదలైన దినం. మధ్యలో రెండు నెలలు ఇరవై తొమ్మిది రోజులకే ముగిసి, నాలుగు నెలలకు వచ్చింది రంజాన్ నెలవంక. ఆ పైన పది. ఇవాళ ఎన్నో రోజా, ఎన్నో ఉపవాసం? పదకొండో రోజా. తాను ఉపవాసం ఉంటూనే, రోజాలు లెక్కపెడుతూనే, పక్కన చింతగింజలు వేరే లెక్కపెట్టింది! ఇక్రా ఇమాం సాబుకు ఫోను చేసింది. నెల మొదటనే పోతే నెలవంకలతోనే లెక్క అన్నాడాయన. నిన్న మగ్రిబ్‌తోనే ఇద్దత్ తీరిపోయింది.

“తీరినాంక గూడ గడపల నిలబడి, కండ్ల ముందరనే నాననిస్తివి” అని జమ్ములమ్మ నుదురు కొట్టుకుంది. షాహెదాకు ముందు మండిపోయింది. గింజల మీద, తన మీద, నిద్రపోయిన పిల్ల మీద, చచ్చిపోయి కూడా తన కాలు పట్టుకున్న మనిషి మీద. ఆ మంటలోనే లేచి గడప దాటింది. సందులో తడి మట్టి పాదాలకు చల్లగా తగిలింది. ఆగకుండా మెట్లు ఎక్కింది. స్లాబు మీద నిలబడి, చేటంత కాదు, నాలుగు వైపులా ఉన్న ఆకాశమంతా ఒక్కసారి చూసింది.

యాసర్ వచ్చేసరికి తల్లీకూతుళ్లు ముద్దలు ఎత్తి బక్కెట్లలో వేస్తున్నారు. తల్లిని పైన చూసి మొదట అదిరిపడ్డాడు. సంగతంతా ఇక్రా చెప్పింది. తనూ ఒక బక్కెట్టు అందుకుని, మెల్లగా అన్నాడు. “అయిందేదో అయింది అమ్మీ. మాటైతే అనుకున్నం గద.”

“అనుకున్నం. నేను లోపల కూసున్నప్పటి మాట గది.”

“లెక్క తప్పి ఒక్క దినం ఎక్కువ కూసుంటే వాయంత పాయె. నీకు బాధ లేదా?”

“ఎందుకు లేదు? కడుపు రగులుతుంది.” ఆమె చేతికంటిన పిండి గోడకు రాసింది. “ఇన్నేండ్లు ఊరందరికీ కొసరేసిండు మీ అబ్బా. ఆయనకేసినోళ్లు ఎవరు లేరు. నేనేసిన, ఒక దినం. పోనీ. మిషన్‌కు నూనె పెట్టు, చక్రం బిగుసుకుంది. రేపటికి పన్నెండు కర్రలే ఒత్తుదం. పొద్దున మబ్బుంటది, పదయినాంక మంచి ఎండ.”

“ఫోన్ల రేపు వాన చూపిస్తుంది” అన్నాడు యాసర్. “నీకెట్ల తెల్సు?”

“ఇప్పుడు బయటున్న గద” అంది షాహెదా.