సూరిబాబు దిద్దలేకపోయిన ఆట

నా తమ్ముడు సూరిబాబు కిందటి నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం గాజువాకలోని తన ఇంట్లో, కంప్యూటర్ ముందు కుర్చీలోనే కన్నుమూశాడు. గుండెపోటు అన్నారు. అన్నానికి పిలవడానికి వెళ్లిన నేను ఆలోచిస్తున్నాడనుకొని కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి రిటైరైన సూరిబాబు, చదరంగం ఆడే ప్రోగ్రామును ఏళ్ల తరబడి ఒంటరిగా రాశాడు. లెక్కల టీచరుగా పనిచేసిన నా చేత ప్రతి లెక్కా సరిచూయించుకునేవాడు. ఏనుగు విలువ ఎంత, చివరి గడికి చేరువైన బంటు విలువ ఎంత అని రోజూ వాదించుకునేవాళ్లం. ఒకసారి విసిగి, "బంటుకింత విలువేటిరా, పావలా తగ్గించు" అన్నాను.

"కూరగాయల బేరం కాదక్కా. పావలా తగ్గిత్తే రాజు సత్తాడు."

అతనికొక పద్ధతి ఉండేది. ఏ మార్పు చేసినా, మార్చిన కొత్త ప్రోగ్రామును పాతదానితో ఆడించేవాడు. కొత్తది గెలిస్తేనే పాతదాన్ని చెరిపేసేవాడు. దాచుకోరా అంటే, "పాతది ఉంటే మనసు దానికాడికే పోతాది" అనేవాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర బట్టలు కుట్టే బాషా ప్రతి ఆదివారం వచ్చి ఆ ప్రోగ్రాముతో ఆడి, ఓడిపోయి, టీ తాగి వెళ్లేవాడు. పరామర్శకు వచ్చినప్పుడు స్నేహితుని పేరున ఒక్క ఆట ఆడతానన్నాడు. ఏనుగు ఎక్కువ ఉండి కూడా ప్రోగ్రాము చేతికందిన గెలుపును వదిలేసింది.

"నాను గెలిసేసినానక్కా," అన్నాడు బాషా. "ఇది మన సూరి ఆట కాదు. ఏటైపోనాది దీనికి?"

"మళ్లీ ఆడు."

మళ్లీ గెలిచాడు. "నాకు ఓడిపోడం కావాలక్కా" అంటూ తల వంచుకుని ఏడ్చాడు.

పాతదాని కోసం కంప్యూటరంతా వెతికించాను. లేదు. ఆ మంగళవారం సూరిబాబు కొత్తదాన్ని ఆడించకముందే పాతదాన్ని చెరిపేశాడు. ఒంట్లో బాగోక తొందరపడ్డాడో, మరిచాడో తెలియదు. మిగిలింది ఆనాడు మార్చిన ప్రోగ్రాము ఒక్కటే. తెలిసినవాళ్లకు చూపిస్తే, ఆయన రాసిన తీరు ఆయనకే తెలియాలన్నారు. నేనే పెన్సిలు పట్టుకొని వరుస వరుసా చూస్తున్నాను. ఏ లెక్కకు ఆ లెక్క సరిగానే ఉంది. ఆట మాత్రం పోతోంది.

నివాళుల్లో ఇటువంటివాడు మళ్లీ పుట్టడని రాయడం ఆనవాయితీ. సరిచూడలేని మాట నేను రాయను. అతని జీవితమంతటి పనిలో ఎక్కడో తప్పుంది, అదెక్కడో చెప్పగలిగినవాడు లేడు. ఇంతవరకే నాకు తెలుసు. చిన్నవాళ్లకు పెద్దవాళ్లు నమస్కరించకూడదంటారు. నేను నమస్కరిస్తున్నాను.

ఈ ఆదివారం కూడా బాషాయే గెలిచాడు.