అన్నయ్య చర్మం నా కాలికి అతకలేదు

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో బెల్లం వండుతుండగా మరిగే పాకం నా ఎడమకాలి మీద ఒలికింది. నెల దాటినా పుండు మానలేదు. ఒకరోజు పొద్దున్నే లేచి పాదం నేల మీద ఆనించలేకపోయాను. ఇదేదో తేడాగా ఉందని ఆ రోజే భయం పట్టుకుంది. అవి పంతొమ్మిది వందల యాభైల మొదటి రోజులు; నాకు ఇరవై ఆరేళ్ళు. పడవలో గోదావరి దాటించి ఆసుపత్రిలో చేర్చారు.

"స్కిన్ గ్రాఫ్టు వెయ్యకపోతే కాలు దక్కడం కష్టమండీ," అన్నారు సర్జనుగారు. నేను బాగా నీరసించి ఉన్నానని నా చర్మం తియ్యకుండా, ముందు అన్నయ్య తొడ మీది చర్మం తీసి నా కాలికి వేశారు. బ్లడ్ గ్రూపు ఒకటే. ఒక తల్లి బిడ్డలం. అతకకేం అనుకున్నాం.

వారం రోజులు గులాబీ రంగులో ఉంది. పదకొండో రోజు డ్రెస్సింగు విప్పితే నల్లబడి, పొరలుగా ఊడివచ్చింది.

అమ్మ అన్నయ్య వైపు తిరిగింది. "ఏం తిన్నావురా?"

"వంకాయ కూరేనే."

"తమ్ముడి కాలి మీద నీ చర్మం పెట్టుకుని వంకాయ తిన్నావా! పథ్యం వాడికొక్కడికేనా?"

"చర్మం వాడి దగ్గరుంది, నోరు నా దగ్గరుంది. నాకేం తెలుసే!"

ఎవరూ నవ్వలేదు. నేనూ అమ్మ మాటే నమ్మాను. రెండు రోజులు అన్నయ్యతో మాట్లాడలేదు.

అయినా మళ్ళీ ఇస్తానన్నాడు. ఈసారి చారన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఆ చర్మం ఆరో రోజుకే ఊడిపోయింది. నాకేమీ పాలుపోలేదు. పథ్యం తప్పితే పదకొండు రోజులు నిలిచింది, పాటిస్తే ఆరు రోజులకే పోవడమేమిటి?

రోజూ కాలి సంగతి రాసుకునే నా డైరీ చూపించి అడిగాను. సర్జనుగారు చర్మం ఊడిన రెండు తేదీలూ చదివారు. "మీ అన్నగారి తప్పేం లేదండీ. అది మీది కాదని మీ ఒళ్ళు కనిపెట్టేసింది. రెండోసారి గుర్తుపట్టి తొందరగా తోసేసింది. ఎలా కనిపెడుతుందో మాకూ అంతుపట్టలేదండీ."

"సొంత అన్న పరాయివాడెలా అయ్యేడండీ?" అంది అమ్మ.

కాస్త కోలుకున్నాక నా తొడ చర్మమే తీసి కాలికి వేశారు. అది నిలిచింది.

రక్తంలోని తెల్లకణాల మీద రిసెప్టర్లుంటాయనీ, ఎదురైన కణం మీది గుర్తుల్ని అవి తడిమి చూస్తాయనీ, తమవి కాకపోతే దాడికి దిగుతాయనీ ఈమధ్య చదివాను. అన్నదమ్ములకైనా ఆ గుర్తులు కలవాలని లేదట. చదివినా నాకు పూర్తిగా బోధపడలేదు.

ఎనభై దాటాను. కర్ర లేకుండానే నడుస్తున్నాను. చలికాలంలో ఆ చోట బిగుస్తుంది, కొబ్బరినూనె రాస్తాను. మీ ఇంట్లో ఎవరైనా చర్మం ఇవ్వవలసి వస్తే, ఇచ్చినవారి డ్రెస్సింగు కూడా దగ్గరుండి చూసుకోండి. తీసిన చోటూ పుండే. నా కాలి సంగతి ఆ ఏటి డైరీలో ప్రతి పేజీలోనూ ఉంది. అన్నయ్య తొడ ఎప్పుడు మానిందో ఎక్కడా లేదు.