ఏడు గంటలాయన గొంతు

అసలు పేరు చెబితే ఆయన్ని పోల్చుకునేవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఏడు గంటలాయన అంటే మాత్రం ఎవరైనా ఇట్టే పోల్చుకునేవారు. రేడియోలో సాయంత్రం ఏడింటి వార్తలు చదివేది ఆయనే. ఆ గొంతు వినబడితే దుకాణాల్లో బేరాలు ఆగేవి, అరుగుల మీద తగువులు కాసేపు వాయిదా పడేవి. అంతటి మనిషీ ఇంటికొస్తే నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు.

"ఊరందరికీ అన్ని సంగతులు చెప్పొస్తారు. మాకు ఊఁ, ఉహుఁలేనా?" అని భార్య దెప్పేది.

"అవి నా మాటలు కావుగా. ఎవరో రాసిచ్చినవి," అనేవాడాయన.

ఆమె ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం టీచరు. ఆయన గుండెపోటుతో పోయిన రెండేళ్ళకి, శనివారం చివరి పీరియడు ఒకటి హెడ్మాస్టరు ఆమెకి అప్పగించాడు. "ఫోన్లో వచ్చిందల్లా వేదవాక్కు అనుకుంటున్నారమ్మా పిల్లలూ, వాళ్ళ పెద్దవాళ్ళూ. మీరేదైనా చెప్పండి," అన్నాడు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆమె తనే పాఠాలు తయారుచేసుకుంది. వరదలో మునిగిన వీధి ఫొటో తెచ్చేది. అది ఏ ఊరిదో, ఏనాటిదో బోర్డుల మీది అక్షరాలు చూసి, బళ్ళ నంబర్లు చూసి పిల్లలచేతే చెప్పించేది. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఇంకెవరైనా అన్నారా, నమ్మితే ఎవరికి లాభం అని అడగడం నేర్పింది. పిల్లలకి అది ఆటలా పట్టుబడింది. "అన్నం తినమంటే ఆకలేస్తోందనడానికి ఆధారమేంటి అంటున్నాడమ్మా మీ శిష్యుడు," అని ఒక తల్లి బడి గేటు దగ్గర మొరపెట్టుకుంది కూడా.

ఒక శనివారం కళ్ళజోడు పెట్టుకున్న క్లాసు లీడరు లేచి నిలబడింది. పాఠం కోసమని ఇంట్లో అడిగి తెచ్చిన ఫోను ఆ పిల్ల చేతిలో ఉంది.

"టీచర్, మా పెదనాన్నకి ఎవరో పంపారట. మీరు వినాలి."

ఫోనులోంచి, "శ్రోతలకు నమస్కారం. వార్తలు చదువుతున్నది..." అని వినబడింది. ఆయన పేరే. ఆయన గొంతే. ఒక పొడి వాడితే షుగరు జబ్బు పూర్తిగా పోతుందని పరిశోధనలో తేలిందట. మాత్రలు మానేయవచ్చట. చివర ఫోను నంబరు.

ఆ గొంతు ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. టీచరు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"ఇది నిజమో కాదో ఎలా తేలుద్దాం?" అంది.

"సార్ లేరుగా టీచర్," అని ఒకడు అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

"అవును. లేరు. అది మొదటి ఆధారం. రాయండి."

"ముందే చదివి పెట్టారేమో," అంది ఇంకో పిల్ల.

"మంచి అనుమానం. అయితే ఆ పొడి ఎప్పుడు పుట్టిందో చూడండి."

వెతికితే, ఆ పొడి అమ్మే సంస్థ మొదలైంది ఆయన పోయిన తర్వాతే. రేడియో కేంద్రానికి ఫోన్ చేస్తే అలాంటి వార్త తాము ఎన్నడూ చదివించలేదన్నారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోవట్లేదు టీచర్," అంది.

"నిజమే. కానీ దాన్ని నమ్ముకోకండి. ఇవాళ్టి నకిలీకి ఊపిరి లేదు, రేపటిదానికి ఉంటుంది. చెవిని కాదు, ఆధారాన్ని అడగండి."

పాఠం బాగా జరిగింది. గంట కొట్టాక ఆమె ఆ క్లిప్పుని తన ఫోనుకి పంపించుకుంది. ఇంకో తరగతికి పనికొస్తుందని తనకి తాను చెప్పుకుంది.

ఆయన పోయాక ఆమెకి మొహం గుర్తొచ్చేది, ఇస్త్రీ చొక్కా వాసన గుర్తొచ్చేది. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా వచ్చేది కాదు. రేడియోవాళ్ళు టేపుల మీద టేపులు చెరిపేసి మళ్ళీ వాడుకున్నారు. మిగిలినవి ఎక్కడున్నాయో వాళ్ళకే తెలియదు. ఇంట్లో ఎవరూ రికార్డు చెయ్యలేదు. కుళాయిలో రోజూ వచ్చే నీళ్ళని సీసాలో పోసి ఎవరు దాచుకుంటారు? ఎవరో మోసగాళ్ళ చేతికి మాత్రం ఏవో పాత ముక్కలు దొరికినట్టున్నాయి, వాటితో కంప్యూటరులో ఈ గొంతు పుట్టించారు.

సాయంత్రం కూర తరుగుతూ ఆ క్లిప్పు పెట్టేది. "శ్రోతలకు నమస్కారం" వరకే. పొడి మాట రాకముందే ఆపేసేది. మళ్ళీ మొదటినుంచి. దొంగసొత్తని తెలుసు. తెలిసీ, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని మళ్ళీ నొక్కేది. పగలు పిల్లలకి చెప్పిన పాఠం ఆ వంటగది గడప దాటి లోపలికి వచ్చేది కాదు.

కొన్నాళ్ళకి ఆడపడుచు కొడుకు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకొచ్చాం. షుగరు చాలా ఎక్కువైపోయిందట."

వదిన అంటే ఆయనకి పెద్దక్క. తల్లిలేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. టీచరు వెళ్ళేసరికి వదినకి సెలైను ఎక్కుతోంది. మేనల్లుడు చాటుగా ఒక డబ్బా చూపించాడు. సగం ఖాళీ అయిన పొడి.

వాడు మందులకి వెళ్ళాక ఆమె మంచం పక్కన కూర్చుంది.

"వదినా, ఆయన లేరు. ఆ మాటలు ఆయనవి కావు."

"వాడు పోయాడని నాకు తెలీదుటే? నా కళ్ళ ముందే కదా సాగనంపాం."

"మరెందుకు మాత్రలు మానేశారు?"

"వాడు చిన్నప్పటి నుంచీ నన్ను ఏదీ చెయ్యమని అడగలేదే. ఏం పెడితే అది తిన్నాడు, ఏం తొడిగితే అది తొడుక్కున్నాడు. మొదటిసారి, ఇలా చెయ్యక్కా అన్నట్టనిపించింది. కాదని ఎలా అనను?" తర్వాత వదిన ఆమె వైపు తల తిప్పింది. "పిల్లలందరికీ ఇవన్నీ నేర్పుతున్నావుగా. ఇది తిరుగుతోందని నీకు తెలుసా?"

"తెలుసు."

"నాకొక మాట చెప్పలేకపోయావా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె ఫోను తీసి, అందులో దాచుకున్న ఆ క్లిప్పు చూపించింది. "చెబితే తీసెయ్యమని చెప్పాలి. ముందు నేను తీసెయ్యాలి కదా వదినా."

వదిన కోప్పడుతుందనుకుంటే, "పెట్టు. ఇద్దరం విందాం," అంది.

ఈసారి ఆమె మధ్యలో ఆపలేదు. పొడి దాకా, నంబరు దాకా పోనిచ్చింది. అయిపోయాక వదిన పెదవి విరిచింది.

"వీడు మనవాడు కాదే. మనవాడు ఏనాడైనా ఇంత గట్టిగా ఒక మాట చెప్పాడా? కూరలో ఉప్పు చాలిందా అంటే, ఏమో అనేవాడు."

"చలిగా ఉందా అన్నా ఏమోనే."

"పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే కూడా ఏమో అన్నాడు. నీకిన్నాళ్ళూ చెప్పలేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగే వేళకి వదిన మొహం తడిసిపోయింది. ఆమె తన కొంగుతోనే తుడిచింది. ఆయన ఇంట్లో మాట్లాడిన గొంతు ఏ టేపులోనూ ఎక్కలేదు. అది కావాలని ఇన్నాళ్ళూ అంగలార్చి, ఊరి గొంతుని పట్టుకుని కూర్చున్నానని ఆమెకి అక్కడ తెలిసింది.

ఆ శనివారం తరగతికి పెద్దవాళ్ళని కూడా రమ్మంది. ఆ క్లిప్పు అబద్ధమని రేడియోవాళ్ళు అప్పటికే ప్రకటించారు. ఒక ఖాతా మూయిస్తే ఇంకోటి తెరుచుకుంటోంది. ఆమె క్లిప్పంతా వినిపించింది. తన వదిన ఆస్పత్రిలో ఉందని, ఎందుకుందో, తను ఎందుకు చెప్పలేదో దాచకుండా చెప్పింది. బోర్డు మీద ఎప్పుడూ రాసే ప్రశ్నల కింద ఇంకోటి రాసింది: ఇది నిజమైతే బావుండునని నాకు అనిపిస్తోందా?

"అనిపించినచోట ఆగండి. మనం తేలిగ్గా మోసపోయేది అక్కడే," అంది.

బడి ఎదుటి దర్జీ, పెద్దాయన, చెయ్యెత్తాడు. "పోయినవాళ్ళ మాట వినాలనుకోవడం తప్పామ్మా?"

"తప్పు కాదు బాబాయిగారూ. నేనూ అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ మనకి కావాలనిపించింది కదా అని నమ్మకూడదు. పక్కవాళ్ళకి అసలే పంపకూడదు."

అందరూ వెళ్ళాక వరండాలో నిలబడి క్లిప్పు తీసేసింది. నిజంగానే తీసెయ్యాలా అని ఫోను అడిగితే, అవునని నొక్కడానికి కొంచెంసేపు పట్టింది.

వదిన కోలుకుంది. ఇప్పుడు శనివారాలు బడికొచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. తనకొచ్చినవన్నీ ముందు పిల్లలకి చూపించి, వాళ్ళతో వాదన వేసుకుంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరూ నెమ్మదిగా నడుస్తారు.

"చిన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉండేది వదినా?" అని ఒకరోజు అడిగింది.

"కీచుగా ఉండేది. పద్యం అప్పజెప్పమంటే తలుపు వెనక్కి పోయి నిలబడి చెప్పేవాడు."

"ఎలా చెప్పేవారు?"

వదిన వీధి మధ్యలో ఆగి, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, సన్నటి గొంతుతో రెండు ముక్కలు చెప్పి చూపించింది. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఇంకొక్కసారి చెప్పమని అడిగింది.