దుర్గ వదినతో నాగాయలంక, పండుగప్ప కోసం

శుక్రవారం సాయంత్రం గుడివాడ స్టేషన్లో మచిలీపట్నం ప్యాసింజర్ కోసం నిలబడ్డాను. చేతిలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, భుజాన సంచి, కాళ్ళ దగ్గర ఖాళీ థర్మకోల్ పెట్టె. గొట్టంలో ఉన్నది చేపలు పట్టే రాడ్డు. స్కూటర్ మీద దింపడానికొచ్చిన మా వారు దాని వంక ఓసారి, నా వంక ఓసారి చూశారు. "లెక్కల టీచర్ ఈ అవతారంలో కనబడితే నీ స్టూడెంట్లు రేపటి నుంచి భయపడరు" అన్నారు. ఇప్పుడు మాత్రం ఎవరు భయపడుతున్నారు గనక!

ఈ పిచ్చి కొత్తది కాదు. మాది గుడ్లవల్లేరు. మా మావయ్య కూతురు దుర్గ వదిన, నేను వెదురు కర్రకి దారం కట్టి, వానపాము గుచ్చి కాలవ గట్టున కూర్చునేవాళ్ళం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాకు జెల్లలు పడితే తనకి కొర్రమేనులు పడేవి. తనకి పెళ్ళై బందరు వెళ్ళిపోయాక నేనొక్కదాన్నీ రెండుసార్లు వెళ్ళి, తోచక మానేశాను. నిరుడు నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకెత్తి తిప్పే పని రోజూ ఏదో ఒకటి చెయ్యమన్నారు డాక్టరు గారు. బట్టలారేసీ ఆరేసీ విసుగెత్తి, ఫోన్లో రాడ్డు విసరడం నేర్పే వీడియోలు చూడ్డం మొదలెట్టాను. అలా మళ్ళీ ఇందులో పడ్డాను.

మొదట కొన్న రాడ్డు తప్పు. సముద్రపు ఒడ్డున వాడే బరువైనది, పిడికెడు సీసం కట్టినా కొన వంగదు. రెండోది ఏడడుగులది, రెండు ముక్కలుగా ఊడొస్తుంది. రీలు మధ్య రకం. దారం సన్నగా అల్లినది. దాని చివర రెండు మూరల మందపాటి నైలాన్ తీగ ముడెయ్యాలి. పండుగప్పకి కోరపళ్ళు లేకపోయినా చెంపల అంచు బ్లేడులా ఉంటుంది, అల్లిన దారం తగిలితే తెగిపోతుంది. ఆ ముడి నేర్చుకోడానికి నాకు ఒక సెలవుల కాలం పట్టింది. విసరడం మాత్రం మా డాబా మీద నేర్చుకున్నాను. పక్కింటావిడ ఆరేసిన లుంగీలు, దుప్పట్లు ఎన్నిసార్లు గాలానికి పట్టానో ఆవిడనే అడగాలి.

అయితే ఈ ప్రయాణం నా భుజం కోసం కాదు. ఏడాదిన్నర కిందట వదిన వాళ్ళాయన పోయారు. నాకు అన్నయ్య వరస. కలంకారీ బట్టల కొట్టు నడిపేవారు, నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. ఆయన పోయాక వదిన ఏడ్చింది కొన్నాళ్ళే. తర్వాత అన్నిటికీ "సరే" అనడం మొదలెట్టింది. ఏం కూర వండమంటావంటే ఏదైనా సరే. కొట్లో ఏం చేద్దామంటే నీ ఇష్టం. ఒకప్పుడు కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి. ఆ సరే వినలేక నేను నాగాయలంక వెళ్దాం రమ్మని పోరుపెట్టాను. పోయిన నెల ఫోన్లో విసుగ్గా ఒప్పుకుంది.

"వస్తాను. నా గాలానికి ఒక్క చేప వస్తే ఇంకోసారి కూడా వస్తాను. రాకపోతే మాత్రం నన్ను మళ్ళీ అడక్కు."

వదిన మాటంటే మాటే. అందుకే ఆ థర్మకోల్ పెట్టె ఖాళీగా ఉన్నా నాకు బరువుగానే ఉంది.

బండిలో సీటు దొరికింది. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు గోలగోలగా ఎక్కారు. కిటికీలోంచి కాలవ కనబడింది, మేం కూర్చున్న చోట ఇప్పుడు సిమెంటు గట్టు. పెడనలో దిగడానికి లేచిన ఒక పెద్దాయన, చేతివేళ్ళకి అద్దకం రంగు ఇంకా పోలేదు, నా గొట్టం చూసి ఆగాడు. "ఏం డిజైన్లమ్మా అవి?" అని అడిగాడు. రాడ్డని చెప్పాను. "ఆడవాళ్ళు కూడా పడతారా?" అని నవ్వి, "పడితే మంచిదేలెండి, మార్కెట్లో ధరలు అలా ఉన్నాయి" అంటూ దిగిపోయాడు.

ఆ రాత్రి బస వదిన ఇంట్లోనే. రాడ్డు బిగించి చూపించి, చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా ఉండాలో సర్దే బిరడా ఎక్కడుందో చెప్పాను. క్లాసు చెప్పినట్టే చెప్పాను. వదిన చేతిలోకి తీసుకుని, ఊపనైనా ఊపకుండా "బాగుంది" అని తిరిగిచ్చేసింది. వంటింటి గుమ్మంలో వాళ్ళబ్బాయి రవి నన్ను పట్టుకుని గొంతు తగ్గించాడు.

"అత్తయ్యా, ఎలాగైనా ఒక్క చేప పడేలా చూడు."

"చేపలు నా మాట వింటాయట్రా?" అన్నాను గానీ నాకూ నిద్ర సరిగా పట్టలేదు.

శనివారం ఐదున్నరకల్లా బందరు బస్టాండులో ఉన్నాం. అంతకుముందే రవి గిలకలదిండి చేపల రేవుకి వెళ్ళి థర్మకోల్ పెట్టె నిండా ఐసు కొట్టించుకొచ్చాడు. వెళ్ళదలచిన ఆడవాళ్ళకి ఒక మాట: ఆధార్ కార్డు మర్చిపోకండి, టికెట్టు ఉచితం. కండక్టర్ మాకు సున్నా టికెట్లు రెండు చింపిచ్చి, గొట్టం దారికడ్డంగా ఉందని డ్రైవరు సీటు వెనక నిలబెట్టించాడు. చల్లపల్లి దాకా వదిన కళ్ళు మూసుకునే ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటేటప్పుడు ఎండ నీళ్ళ మీద పడుతుంటే "చూడు వదినా" అన్నాను. కళ్ళు తెరిచింది. "ఊఁ" అంది. అవనిగడ్డలో సగం బస్సు ఖాళీ అయింది. రాత్రి ఉండదలచిన వాళ్ళకి లాడ్జీలు అక్కడే ఉన్నాయి. ఎనిమిదింటికి నాగాయలంకలో దిగి ఇడ్లీ తిన్నాం, అల్లం పచ్చడి బాగుంది.

రేవులో నాంచారయ్య బోటుతో సిద్ధంగా ఉన్నాడు. మా స్కూల్లో పనిచేసే ఒకాయనకి బంధువు, నలభై ఏళ్ళుంటాయి, నోరు మూయడు. నేను రబ్బరు చేప గాలానికి తగిలిస్తుంటే పడీ పడీ నవ్వాడు.

"ఇది తింటదాండీ పండుగప్ప? దానికి మాత్రం తెలీదా రబ్బరని?"

"తెలిసేలోపు లాగేస్తాం."

"వలేస్తే అయిపోద్ది కదండీ. పోనీ చెరువులో పెంచినయ్యి ఉన్నాయి, ఏడు కేజీలది కావాలన్నా ఇప్పిస్తాను."

"మాకు పట్టింది కావాలయ్యా" అన్నాను. వదిన పైట చుట్టూ తిప్పి నడుముకి దోపుకుని, బోటు అంచున కూర్చుంది.

ఊరు వెనకబడ్డాక మడచెట్లు మొదలయ్యాయి. చిన్న కాలవలు వచ్చి పాయలో కలిసే చోట్లు ఎన్నో ఉన్నాయి. పోటు నీళ్ళు మడల్లోకి ఎక్కి, మళ్ళీ వెనక్కి తీసేటప్పుడు చిన్న చేపలూ రొయ్యలూ ఆ నోళ్ళ దగ్గరికి కొట్టుకొస్తాయి. పండుగప్ప అక్కడ కాపు కాస్తుంది. ఇది వీడియోల్లో విన్నదే, నాంచారయ్యా అదే అన్నాడు. నీళ్ళు పదకొండింటికి తిరుగుతాయట. అప్పటిదాకా విసరడం అలవాటు చేసుకోండన్నాడు. పౌర్ణమికైతే పోటు ఇంకా పెద్దగా ఉంటుందనీ అన్నాడు.

వదిన మొదటి విసురుకి దారం రీలు మీదే చిక్కుబడి పిచ్చుక గూడైంది. రెండోది మడచెట్టు కొమ్మకి తగులుకుంది. నాంచారయ్య బోటు తిప్పి, కొమ్మ వంచి, రబ్బరు చేపని విడిపించి, "చెట్టుకి పడిందండీ మొదటిది" అన్నాడు. నేను నవ్వాను, వదిన నవ్వలేదు. ఉన్న ఒక్క రాడ్డునీ వంతులేసుకుంటే, నా వంతులో పదింటికి అరచెయ్యంత పిల్ల చేప ఒకటి పడింది. వెంటనే నీళ్ళలో వదిలేశాను. పడాల్సింది నాకు కాదు.

పదకొండు దాటాక నీళ్ళు తిరిగాయి. కాలవ నోటి దగ్గర నురగ పాయలోకి జారడం మొదలైంది. "అదిగో, ఆ వేరు పక్కన" అన్నాను. వదిన విసిరింది. ఈసారి చక్కగా పడింది. మెల్లగా చుట్టుకుంటూ వస్తోంది. నాలుగు చుట్లు, ఐదు చుట్లు. రాడ్డు కొన ఒక్కసారి దబ్బున వంగింది.

ఇక్కడ నేను మూడు నెలలు నేర్చుకున్నదంతా మీకు చెప్పాలి. పండుగప్ప తగిలితే రాడ్డు పైకెత్తకూడదు. నీళ్ళ వైపు వంచి పక్కకి పట్టుకోవాలి. పైకెత్తితే చేప కూడా పైకి లేచి తల విదిలించి గాలం ఊసేస్తుంది. ఈ ముక్క నేను వదినకి మూడుసార్లు చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాను.

"ఎత్తు వదినా, ఎత్తు!" అని అరిచాను.

కాలవ గట్టున అరిచే అరుపది. వెదురు కర్రతో కొర్రమేనుని ఒక్క ఊపున గట్టు మీదకి విసిరేసే రోజుల అరుపు. వదిన చేతులకీ ఆ అరుపు గుర్తుంది. రెండు చేతులతో రాడ్డుని ఆకాశంలోకి ఎత్తింది. నీళ్ళు చీల్చుకుంటూ పండుగప్ప నిలువునా లేచింది. వెండిలా మెరిసింది, నోరు ఇంత తెరిచి తల విదిలించింది. రబ్బరు చేప గిర్రున వచ్చి బోటులో నాంచారయ్య పాదాల దగ్గర పడింది. చేప నీళ్ళలో పడింది. అంతే.

"చెయ్యంత పొడుగుందండీ" అన్నాడు నాంచారయ్య. ఆ తర్వాత గంటసేపు విసిరాం. ఏమీ తగల్లేదు.

వదిన రాడ్డు నా చేతికిచ్చి నీళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. చేప పోయినందుకు కాదు. తెలిసి తెలిసి నేనే అరిచాను, ఆ అరుపుతో వదిన్ని మళ్ళీ పిలిచే అవకాశం పోగొట్టుకున్నాను. రవికి ఏం చెప్పను?

ఒంటిగంటకి రేవు పక్క హోటల్లో భోజనానికి కూర్చున్నాం. "పండుగప్ప వేపుడు స్పెషల్ అండీ" అన్నాడు వడ్డించేవాడు. నేను వద్దనబోతుంటే వదిన "తే" అంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని పక్కకి నెట్టేసింది. "చెరువుది" అంది. ఏడాదిన్నరలో వదిన ఒక వంటకి వంక పెట్టడం అదే మొదటిసారని అప్పుడు నాకు తట్టలేదు. నా దిగుల్లో నేనున్నాను.

రెండున్నర బస్సెక్కాం. ఈసారి గొట్టం మా కాళ్ళ మధ్యే పెట్టుకున్నాం. అవనిగడ్డ దాటింది. పులిగడ్డ దగ్గర మళ్ళీ నీళ్ళు కనబడగానే వదిన నా వైపు తిరిగింది.

"ఎందుకరిచావే ఎత్తమని?"

"నోరు జారింది వదినా."

"నోరు జారిందట! రాత్రి ఎత్తొద్దని బొమ్మ గీసింది ఎవరు? మీ క్లాసులో పిల్లలకీ ఇలాగే చెప్తావా? వాళ్ళ గతేం కాను!" ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వదిన లెక్కచెయ్యలేదు. "ఆ బిరడా అంత బిగించి చచ్చావేం? కొంచెం వదులుగా ఉంటే నేనెత్తినా దారం జారేది, చేపా కాసేపు గాలానికే ఉండేది. గాలిపటానికి దారం వదలమా? అలా వదిలి లాగాలి కదే."

"బిరడా నిన్న చూపించినప్పుడు వినలేదనుకున్నాను."

"వినకపోతే ఎలా తెలిసింది? ఇంకోటి, ఆ గాలం ముల్లు మొండిగా ఉంది. నేను వేలితో చూశాను. అంత డబ్బు పోసి కొని ముల్లు అరగదీసుకోవడం తెలీదా నీకు?"

చల్లపల్లి దాకా తిట్టింది. చల్లపల్లి నుంచి బందరు దాకా కూడా తిట్టింది. నా ముడి బాగాలేదంది, నా విసురు బాగాలేదంది. చేప ఏ పక్కకి తిరిగిందో రెండు చేతులతో చేసి చూపించింది. గాజులు నా ముక్కుకి తగిలాయి. నేను తలొంచుకుని తిట్లు తింటూ, నవ్వు బయటపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కొంగు ఊరికే తడిసింది గానీ నవ్వు ఆగలేదు. ఇన్నాళ్ళకి నా వదిన నా మీద అరుస్తోంది. అంతకంటే నాకు కావలసిందేముంది!

బందరు బస్టాండులో దిగేసరికి ఐదైంది. రవి ఎదురొచ్చి పెట్టె మూత తీశాడు. కరిగిన ఐసు నీళ్ళు తప్ప ఏమీ లేవు. వాడి మొహం వాడిపోయింది. నేను గొట్టం అందుకోబోయాను. వదిన వదల్లేదు.

"నన్ను మళ్ళీ అడగొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. అడగను వదినా."

"నువ్వు అడక్కు. నేను చెప్తాను, విను. పౌర్ణమికి పోటు పెద్దగా ఉంటుందన్నాడు కదా ఆ నాంచారయ్య. వస్తున్నామని ఫోన్ చేసి చెప్పు. ఇది నా దగ్గరుంటుంది, నీ దగ్గరుంటే ముల్లు కూడా అరగదియ్యవు." గొట్టం చంకలో పెట్టుకుని, వాళ్ళబ్బాయి వంక తిరిగింది. "ఏరా, పొద్దున కొట్లో పరుపుల గుడ్డ ఎంతకిచ్చావు? మళ్ళీ తగ్గించే ఇచ్చుంటావు."

రవి నా వంక చూశాడు.

సాయంత్రం ప్యాసింజర్లో ఒక్కదాన్నే తిరిగొచ్చాను. గుడ్లవల్లేరు కాలవ మసక చీకట్లో సరిగా కనబడలేదు. ఒకప్పుడు ఆ గట్టున చేప పోగొట్టుకుంటే వదిన మూడు రోజులు అదే మాట చెప్పేది, అది గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. మీరు వెళ్తే మాత్రం బిరడా మరీ బిగించకండి, ముల్లు పదును పెట్టుకోండి, పక్కన అరిచే మనిషిని ఎంచుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండండి.

గుడివాడలో మా వారు స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నారు. నా చేతిలో ఖాళీ పెట్టె చూసి నిట్టూర్చారు. ఆ తర్వాత ఇంకేదో వెతుకుతున్నట్టు నా వెనక్కి చూశారు.

"చేప సరే, రాడ్డేదీ?"

"వదిన లాగేసుకుంది."

ఆయనకి అర్థమైనట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత స్కూటర్ స్టార్ట్ చేస్తూ అన్నారు.

"అయితే నీకింకోటి కొనాలన్న మాట."