చేదు లేని సీసా

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. చిన్నా పెద్దా అందరికీ చేదక్కే. మనిషి చేదు కాదు, ఆమె ఇచ్చే మందు చేదు. మేకలు కూడా మూతి తిప్పుకుని పోయే అడ్డసరం ఆకు రసం మరి!

పెరటి కంచె పొడుగునా ఆ మొక్కలే. పచ్చి ఆకును ఎంత నలిపినా రసం సరిగా దిగదు. అందుకని తెల్లారగానే ఆకులు కోసి, ఆవిరి మీద మెత్తబరిచి, వేడి తగ్గకముందే గుడ్డలో వేసి పిండేది. అరచేతులు ఎర్రగా కందిపోయేవి. ఆ రసంలో కాస్త తేనె, చిటికెడు మిరియాల పొడి. రొమ్ము పడిశం పట్టినవాళ్లకూ, దగ్గి దగ్గి కంటిమీద కునుకు లేనివాళ్లకూ అదే మందు. ఇచ్చేముందు వచ్చినవాళ్ల ఎదుటే తనొక చెంచా తాగేది. ఆడమనిషైతే "నెల తప్పిందా తల్లీ?" అని అడిగేది. తప్పిందంటే కాళ్లావేళ్లా పడినా చుక్క ఇచ్చేది కాదు. ఈ పట్టింపు వాళ్లమ్మ నేర్పింది.

పక్కవీధి డాక్టరమ్మ కూడా అదే అంది. "ఈ ఆకులో ఉన్న పదార్థాన్ని పట్టుకునే, కఫం కరిగించే మాత్ర ఒకటి తయారుచేశారక్కా. కానీ ఆకు రసం గర్భసంచిని కదిలిస్తుంది. మీరు అడిగే ఆ ప్రశ్న మాత్రం మానకండి." ఆ రోజు చేదక్క దారిన పోయేవాళ్లను ఆపి మరీ ఈ మాట చెప్పుకుంది.

ఆమెకు ఉన్నదల్లా ఒక్క తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది, పెళ్లి చేసింది. వాడికిప్పుడు ఒక పాప. వాడి నోట్లోనే తేనె ఉండేది. "అక్కా, నీ మందు ఈ వీధికే ఎందుకు? సీసాల్లో పోసి అందరికీ ఇద్దాం" అన్నాడొకనాడు.

"నెల తప్పిందా అని సీసా అడుగుతుందట్రా?"

"దానికేం? ఇంత లావు అక్షరాలతో అచ్చేయిస్తాగా!"

నమ్మింది. చేతులారా పెంచినవాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది? అప్పట్నించీ రెండు పెద్ద గిన్నెలు పొయ్యెక్కాయి. రోజూ పొద్దున్నే తమ్ముడే స్వయంగా వచ్చి రసం డబ్బాలు పట్టుకెళ్లేవాడు. సీసాలు నింపే చోటుకు వస్తానంటే మాత్రం "నీకెందుకక్కా శ్రమ" అనేవాడు. ఎంత బంగారం లాంటి తమ్ముడని మురిసిపోయేది పిచ్చితల్లి.

ఒక మధ్యాహ్నం, వెనకవీధిలో బట్టలు కుట్టే అమ్మాయి సీసా పట్టుకుని వచ్చింది. సీసా మీద చేదక్క ఫోటో నవ్వుతోంది.

"మీ మందు ఎంత బాగుందో అక్కా! తియ్యగా ఉంటే ఇదిగో, దాదాపు అంతా తాగేశా."

ఎత్తుగా ఉన్న ఆ పిల్ల పొట్ట మీద చేదక్క చూపు పడింది. "ఎన్నో నెలమ్మా?"

"ఐదు."

"తాగొద్దని దాని మీద రాసుంటుంది కదే!"

"ఎక్కడక్కా? మీ ఫోటో ఒక్కటే ఉంది. మీరిచ్చేదే కదా అని ధైర్యంగా తాగా."

చేదక్క సీసా లాక్కుని, అడుగున మిగిలింది నాలుక మీద వంచుకుంది. పంచదార. ఇంకో చుక్క వేసుకుంది. ఎక్కడా చేదన్నది లేదు. హమ్మయ్య, ఆకు లేదు, బిడ్డకేం కాదు అని గుండె కుదుటపడింది. ఆ వెంటనే అదే గుండె జారిపోయింది. ఆకు లేదంటే, తను చేతులు కాల్చుకుని పిండిన రసమంతా ఎక్కడికి పోతున్నట్టు?

"ఎందుకైనా మంచిది, డాక్టరమ్మకు చూపించుకో తల్లీ" అని ఆ పిల్లను పంపించి, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరింది.

సీసాలు నింపే షెడ్డు వెనక గుమ్మం తీసే ఉంది. మూతలు బిగించే పనావిడ డబ్బా ఎత్తి, పచ్చటి రసాన్ని కాలవలోకి వంపుతోంది. పొద్దున చేదక్క నింపిచ్చిన డబ్బాయే. "రోజూ ఇంతేనమ్మా. చేదుగా ఉంటే ఎవరూ కొనరట" అంది ఆవిడ, వచ్చిందెవరో తలెత్తి చూడకుండానే.

తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "నీ మనసు కష్టపెట్టలేకే రోజూ రసం తెచ్చానక్కా! వద్దంటే నువ్వు బాధపడతావని..."

చేదక్క షెడ్డంతా కలయజూసింది. కిటికీ గూట్లో గట్టిగా మూత బిగించిన చిన్న సీసా కనిపించింది. అందులో ఉన్నది మాత్రం తన రసమే. "అదేంట్రా?"

వాడి ముఖం వెలిగింది. "అది మా పాపకక్కా. దానికి దగ్గొస్తే నీ చేతి మందే పోస్తాను. కన్నబిడ్డకు ఈ పంచదార నీళ్లు పోస్తానా?"

అక్క సంతోషిస్తుందనుకుని అన్నాడు. కాలవలో పోసినందుకు పడిన బాధ ఈ మాట ముందు ఏపాటిది! తన ముఖం చూసి తాగినవాళ్లందరూ కళ్లముందు నిలబడ్డారు. వాళ్లెవరూ వీడికి బిడ్డలు కారు మరి.

ఆమె ఆ చిన్న సీసా తీసి కొంగున కట్టుకుంది. "రేపు పాపను మా ఇంటికి తీసుకురా. అందరితో పాటు వరుసలో నిలబెట్టు. దాని ముందే నేనో చెంచా తాగి పోస్తాను."

తర్వాత నింపిన సీసాల ముందు కింద కూర్చుని, ఒకటి ఒళ్లో పెట్టుకుని, గోటితో దాని మీది తన ముఖాన్ని గీకడం మొదలుపెట్టింది.

"అక్కా, అవి సాయంత్రానికి పంపాలి!"

"పంపుకోరా. నేను లేకుండా పంపుకో" అని చేదక్క రెండో సీసా అందుకుంది.