నేల తాగిందనుకున్న నీళ్లు

మా ఇంటి కొళాయి భూమి మీద ఉండేది కాదు, గుంతలో ఉండేది. మోకాటిలోతు గుంత, దిగడానికి రాతిమెట్టు, అడుగున బిందె పట్టేంత చోటు. మా అమ్మ ధర్మవరం నుంచి చూడవచ్చినప్పుడు, కొళాయిని కూడా పూడ్చిపెట్టుకున్నారా మీ ఊళ్లో అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ మా వీధిలో గుంతంటే మర్యాద. ఎవరి గుంత లోతుగా ఉంటే వాళ్ల బిందె ముందు నిండేది.

నేను ధర్మవరం మగ్గాలవాళ్ల పిల్లను. ముదిగుబ్బ వైపు ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. ఇంట్లో ఒక మగ్గం, దాని మీద మా ఆయన. పట్టునూలుకు రంగులద్దే పని నాది, మా నాయన దగ్గర నేర్చుకున్నది. వీటన్నిటి మీదా పెత్తనం మా అత్తది. మగ్గం చప్పుడు ఇంటి గడప దాకా వినిపిస్తే అత్త గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆమె కూతురిని అదే ఊళ్లో ఇచ్చారు. వంక పక్కన పల్లంలో కట్టిన కొత్త కాలనీలో నా ఆడబిడ్డ కాపురం. నేను చెప్పబోయే రోజు నాటికి ఆమెకు తప్పటడుగులు వేసే ఆడపిల్ల.

ఆ కాలనీకి ఇండ్లు వచ్చాయి గానీ నీళ్లు రాలేదు. వంక ఇసుకలో చెలమ తవ్వుకుని ముంతతో తోడుకునేవాళ్లు. లేదంటే బిందె ఎత్తుకుని మా వీధికి ఎక్కి వచ్చేవాళ్లు. ఆ పాప కడుపులో ఉండగా కూతురు ఆ ఎగుడు ఎక్కి రావడం చూసి అత్తకు కడుపు రగిలిపోయింది. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని, మీ ఇండ్లల్లో ఆడబిడ్డలు లేరా అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగింది. ఆమె నోటికి జడిసో, నిజంగానే మంజూరైందో, మా వీధి పైపునే కాలనీ దాకా పొడిగించారు. కూతురి వాకిట్లో మొదటిసారి నీళ్లు పడిన రోజు అత్త ఆ పైపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. ఆమె ఏడవగా నేను చూసింది అదే మొదలు.

నీరు పల్లమెరుగు అన్నారు. పైపు పొడిగించాక నీళ్లన్నీ కాలనీకి దిగడం మొదలుపెట్టాయి, మా కొళాయిలో ధార దారప్పోగంత అయింది. ఎవరిని తిట్టాలి? కూతురి కాలనీని తిట్టలేక అత్త గడ్డపార తీసుకుంది. కొళాయి చుట్టూ తవ్వి, పైపును కిందికి కోయించింది. ధార మళ్లీ లావైంది. అది చూసి పక్కింటివాళ్లు తవ్వారు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు ఇంకొంచెం లోతు తవ్వారు. వీధంతా గుంతలమయమైంది. ఏ పైపుకూ తిప్పి కట్టే తల బిగించలేదు. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకు బీగమెందుకని అందరి లెక్క.

గిన్నెలు తోమినా, బట్టలు ఉతికినా, నూలు జాడించినా అన్నీ ఆ గుంత పక్కనే. ఆ నీళ్లు గుంతలోకి దిగి పైపు మూతిని ముంచేసేవి. చిత్రమేమంటే, కొళాయిలో నీళ్లు రావడం నిలిచిన కాసేపటికి గుంత దానంతటదే ఖాళీ అయ్యేది. ఎత్తిపోసే పని లేదని నాకు సంబరం.

"కరువు నేల గదా మే, ఎంత పోసినా తాగుతాది," అనేది అత్త.

నేను నమ్మాను. వేరుశనగ చేలు నెర్రెలిచ్చే ఊళ్లో ఎవరైనా నమ్ముతారు. దాహం మనుషులకే కాదు, మట్టికీ ఉంటుందని మా అందరికీ ఎరుకే.

కాలనీవాళ్లకు ఇంకో సంబరం. మా వీధిలో కొళాయి నిలిచాక కూడా వాళ్లకు కాసేపు నీళ్లు వస్తూనే ఉండేవి. మీకు నిలబడినంక కూడా మాకు వస్తాంటాయి వదినా అని నా ఆడబిడ్డ మురిసిపోయేది. బిందెల తోపులాట అయిపోయి అందరూ వెళ్లాక, ఆ చివరి నీళ్లను తీరిగ్గా తాగడానికి పట్టుకునేది. కూతురికి మంచి రాత పడిందని అత్త కూడా పొంగిపోయేది.

పాపకు మాత్రం కడుపు నిలిచేది కాదు. వారం బాగుంటే వారం విరేచనాలు. పళ్లొస్తున్నాయన్నారు, దిష్టి తగిలిందన్నారు. అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. చివరికి కళ్లు లోతుకు పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేనప్పుడు ధర్మవరం ఆస్పత్రిలో చేర్చి సెలైను పెట్టించారు. ఏ నీళ్లు తాపుతున్నారని డాక్టరమ్మ అడిగితే, కొళాయి నీళ్లే అని నా ఆడబిడ్డ గర్వంగా చెప్పింది. చెలమ నీళ్లు తాగినన్నాళ్లూ చెప్పుకోలేకపోయిన మాట అది. ఇంకోసారి ఇట్లా చిక్కితే బిడ్డ తట్టుకోలేదని డాక్టరమ్మ చెప్పి పంపింది.

పాప ఇంటికి వచ్చిన తర్వాత ఒక పొద్దున, హిందూపురం షావుకారు అడిగిన చీరకు నేను రాణిరంగు అద్దాను. నీళ్లు వచ్చే రోజు కాబట్టి నూలును గుంత పక్కనే జాడించాను. గుంత నిండా రాణిరంగు నీళ్లు. కొళాయి నిలిచింది. ఎప్పటిలాగే గుంత దిగిపోయింది. చేతులు తుడుచుకుని, పాపకు కాచిన రాగిగంజి తీసుకుని, అత్తతో కాలనీకి నడిచాను.

ఆడబిడ్డ వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. కొళాయి నుంచి సన్నగా గులాబీరంగు నీళ్లు కారుతున్నాయి. పక్కన నిండిన బిందె, అందులోనూ అదే రంగు. ఒకామె నెత్తురంటోంది, ఇంకొకామె అమ్మవారంటోంది. ఆ రంగును నేను చీకట్లోనైనా గుర్తుపడతాను. నా చేతులు చూసుకున్నాను. గోళ్ల సందుల్లో, గీతల్లో అదే రంగు.

అప్పుడు పాప కనిపించింది. గడపలో కూర్చుని, రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకుని ఉంది. పెదవుల చుట్టూ గులాబీరంగు. షర్బత్ అనుకుందేమో, నన్ను చూసి నవ్వింది.

రంగు భయం ఒకటి, దాని వెనకాలే ఇంకా పెద్ద భయం. ఈ రోజు రంగుంది కాబట్టి కళ్లకు కనిపించింది. ఇన్నాళ్లూ రంగు లేకుండా ఈ బిడ్డ నోట్లోకి పోయినవేమిటి? మా వీధి ఎంగిలి గిన్నెల నీళ్లు, మురికిబట్టల నీళ్లు, వర్షానికి పేడ కలిసిన నీళ్లు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"గుంతనీళ్లు నేల తాగల్యా అత్తా. పాప తాగింది."

అత్త నా చేతుల వైపు చూసింది, తర్వాత బిందె వైపు, తర్వాత మనవరాలి మూతి వైపు. గ్లాసు లాక్కుని పారబోసింది. పాప నాయన బిడ్డను ఆటోలో మళ్లీ ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అత్త ఆటో ఎక్కలేదు. ఆ బిందెను చంకకు ఎత్తుకుంది. ఎగుడంతా నేను అడిగినా ఇవ్వలేదు. మా వీధి మధ్యలో దించి, గ్లాసు ముంచి, మొదటి వాకిలి ముందు నిలబడి తాగమంది. ఆ ఇల్లాలు వెనక్కి జరిగింది. రెండో వాకిట్లోనూ అంతే. చివరికి ఆ గ్లాసు నా ముందుకే వచ్చింది. నేనూ తాగలేకపోయాను. అందరం తవ్వినవాళ్లమే, తిలాపాపం తలా పిడికెడు.

అత్త ఇంటికి వచ్చి తన గుంతను తానే పూడ్చడం మొదలుపెట్టింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని పక్కింటామె గొణిగింది. అత్త తలెత్తలేదు. పైపుకు పాత ముక్క అతికించి మళ్లీ పైకి తెచ్చాడు మా ఆయన. సాయంత్రానికి పాప బాగానే ఉందని, ఆ కాస్త రంగుకు భయం లేదని ఫోను వచ్చింది. అత్త మిగిలిన తట్ట మన్ను కూడా ఎత్తి గుంతలో పోసింది. ఆ వారంలో వీధి గుంతలన్నీ ఒక్కొక్కటే పూడాయి. మా వీధికీ కాలనీకీ వేరువేరు రోజుల్లో నీళ్లు వదలడానికి పంచాయతీవాళ్లు ఒప్పుకున్నారు గానీ, అది ఇప్పటికీ మాటగానే ఉంది.

గుంత పూడ్చాక మొదటిసారి నీళ్లు వచ్చి నిలిచినప్పుడు, అత్త కొళాయి దగ్గరే కూర్చుంది. ఎందుకో అరచెయ్యి తెచ్చి పైపు మూతికి అడ్డం పెట్టింది. ఉలిక్కిపడి చెయ్యి తీసి, చూసుకుని, మళ్లీ పెట్టింది.

"లాగుతాండాది మే," అంది. "గుంతనీళ్లను ఇట్లనే లాగిండాది."

నన్నూ పెట్టి చూడమంది. పెట్టాను. పైపు నా అరచేతిని లోపలికి పీల్చుకుంటోంది, పాలకు ఏడ్చే బిడ్డ నోరులాగా. ఆ చివర ఎవరు బిందె పట్టుకుని కూర్చున్నారో మా ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఆ పైపుకు తల బిగించాం. అయినా నీళ్లు నిలిచే వేళకు అత్త వచ్చి దాన్ని ఇంకోసారి తిప్పి చూస్తుంది, ఆ పైన అరచెయ్యి మూతికి ఆనించి, కాలనీలో ఆఖరి బిందె నిండేదాకా తియ్యదు.